ఈదమ్మ చూపిన పుట్ట

మౌలాలికి ఉన్న చిక్కు ఒక్కటే. తనకు తెలిసింది ఎదుటివాళ్లకు చెప్పకుండా ఉండలేడు.

పన్నెండేళ్లు కాలేజీలో ఆహారశాస్త్రం పాఠాలు చెప్పి, ఒకనాడు అన్నీ వదిలేసి, నల్లమల అంచున ఉన్న దూది తాత కొట్టానికి వచ్చి చేరాడు. తాత అసలు పేరు హుస్సేన్ పీరా. వయసులో ఉన్నప్పుడు ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకేవాడు. ఆ పని మానేసి ముప్పై ఏళ్లయినా పేరు మాత్రం ఆయన్ని వదల్లేదు.

తాత దగ్గర పెద్ద గ్రంథాలేమీ లేవు. బోదగడ్డి కప్పిన కొట్టం, మూడు రాళ్ల పొయ్యి, వండటానికి ఒక పెద్ద డేగిసా. ఎవరొచ్చినా ముందు అన్నం పెట్టాలి. ఏ ఊరు, ఏ కులం, ఏ దేవుడు అన్నది తిన్న తర్వాత. ఆ మాట కూడా వాళ్లంతట వాళ్లు చెబితేనే.

తాత తిన్న విస్తట్లో నాలుగు మెతుకులు దొరికితే మంచి జరుగుతుందని ఆ చుట్టుపక్కల జనానికి గట్టి నమ్మకం. పిల్లలు లేనివాళ్లు, జబ్బు పడ్డవాళ్లు ఆయన తినేదాకా కాచుకుని కూర్చుంటారు. తాతకు అది గిట్టదు. ఎవరికీ ఏమీ మిగలకుండా విస్తరిని వేలితో తుడుచుకుని మరీ తింటాడు.

మౌలాలికి పొయ్యి పని అప్పజెప్పాడు. మౌలాలి వండేవాడు, వడ్డించేవాడు, వడ్డిస్తూ పాఠం చెప్పేవాడు. సంగటి ముద్ద వేస్తూ, "ఇది రాయి లాంటి తిండి కాదప్పా, ఎముకలకు సున్నం" అనేవాడు. పప్పు పోస్తూ, "దీంట్లో మాంసకృత్తులెన్నో తెలుసా?" అనేవాడు. పదిమైళ్లు నడిచొచ్చి ఆకలితో కూర్చున్న మనిషి విస్తరి వైపు చూడాలా, ఈయన మొహం వైపు చూడాలా తెలియక నలిగిపోయేవాడు. తాత అన్నీ వింటూ నెమ్మదిగా నమిలేవాడు.

రెండేళ్లయ్యాక మౌలాలి ఉండబట్టలేక అడిగాడు. "తాతా, ఇంకా పొయ్యేనా నాకు? ఏదన్నా ఉపదేశం చేస్తావని వచ్చినా."

"కూరలో ఉప్పు తక్కువైతాంది," అన్నాడు తాత.

ఆ ఏడు మృగశిర కార్తెలో ఉరుములతో మంచి వాన పడింది. మర్నాడు పొద్దున చెంచుగూడెం నుంచి ఈదమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి. గంప మీద టేకాకులు కప్పి ఉన్నాయి. ఆకులు తీసి గంపను తాత ముందు పెట్టింది. లోపల మూడు పుట్టగొడుగులున్నాయి. ఒక్కొక్కటి పళ్లెమంత. పైన బూడిదరంగు, కింద మీగడ తెలుపు, తోకలా పొడుగ్గా మట్టంటిన వేరు.

"ఈ ఏటి తొలి గొడుగులు సామీ," అంది.

ప్రతి ఏడూ తొలివి తాతకు తెచ్చివ్వడం ఆమె ఆనవాయితీ. మౌలాలికి అది తెలియదు. కిందటేడు ఆ రోజుల్లో వాడు జ్వరంతో పడి ఉన్నాడు. ఇప్పుడు ఉత్సాహంగా గంప అందుకుని, బేసిన్ నిండా నీళ్లు పోసి, పుట్టగొడుగుల్ని అందులో వేయబోయాడు.

"ముంచొద్దు సామీ! నీళ్లన్నీ తాగేస్తాయి. ఇంక రుచేముంటాది?" అని ఈదమ్మ గంప వెనక్కి లాక్కుంది.

ఆమే వండింది. తడిగుడ్డతో పైన తుడిచింది. వేరుకంటిన మట్టిని వెదురు బద్దతో గీకింది. కత్తి ముట్టుకోలేదు, నిలువునా చేత్తో చీల్చింది. ఉత్త కుండలో వేసి పొయ్యి మీద పెట్టింది. నూనె లేదు, నీళ్లు లేవు. కాసేపటికి వాటిలోంచే నీళ్లు ఊరాయి. ఆ నీళ్లలోనే ఉడికి, ఆ నీళ్లు ఇగిరిపోయాక, అప్పుడు ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలు, నాలుగు తెల్లగడ్డ రేకలు, పసుపు, కాస్త నూనె వేసింది. దించేముందు వేయించిన నువ్వుల పొడి చల్లింది. కొట్టమంతా ఆ వాసనే.

జొన్నరొట్టెతో మౌలాలి మొదటి ముద్ద తిన్నాడు. రెండో ముద్ద తిన్నాడు. మూడో ముద్దకు నోరు ఊరుకోలేదు.

"అవ్వా, నువ్వు తెచ్చింది ఏమనుకున్నావు? కోడికూర దీని ముందు నిలబడదు. ఎండబెడితే వంద గ్రాముల్లో ఇరవై గ్రాముల పైనే మాంసకృత్తులు. కొవ్వు లేనట్టే. బి విటమిన్లు నిండా ఉంటాయి. ఎండలో పెడితే డి విటమిన్ పుడుతుంది, అది ఎముకలకు. ఇంత బలం అడవిలో ఊరికే మొలుస్తాంటే జనానికి తెలీదు!"

ఈదమ్మ నోరు తెరుచుకుని వింది. చాలా మాటలు ఆమెకు అర్థం కాలేదు. బలం అన్న మాట అర్థమైంది.

"నా కోడలు అంకమ్మ నీళ్లాడి పదిదినాలయింది సామీ. పాలు చాలడంలేదు. బిడ్డ ఒకటే ఏడుపు. పెట్టొచ్చునా?"

"పెట్టొచ్చునా ఏంది? రోజూ పెట్టు!"

ఆమె మొహం వెలిగిపోయింది. "టౌను నుంచి వచ్చినోళ్లు మేం ఇవి తింటామంటే మూతి తిప్పుతారు. మా తిండిని మెచ్చుకున్న చదువుకున్నోణ్ణి నిన్నే చూసినా," అంది. గంప ఎత్తుకుని, "వస్తావా సామీ, పుట్ట చూపిస్తా," అంది.

తాత తినడం ఆపి ఒకసారి తలెత్తి ఈదమ్మను చూశాడు. మళ్లీ రొట్టె తుంచుకున్నాడు.

అడవిలో అరగంట నడక. దిబ్బలాంటి పాత పుట్ట. దాని చుట్టూ తడినేలలోంచి పది పదిహేను గొడుగులు లేచి ఉన్నాయి. కొన్ని బొటనవేలంత పిందెలు, కొన్ని సగం విచ్చుకున్నవి. నడుమ ఒకటి మాత్రం చిన్న చాటంత ఉంది.

"మా అత్త నాకు చూపించింది," అంది ఈదమ్మ. "అంకమ్మ లేచి తిరిగినాక దానికి చూపిస్తా. ఈ వానల్లో దొరికినవి ఎండేసుకుంటే ఏడాదంతా కూర మాకు."

తీసుకునే పద్ధతి కూడా చూపించింది. ఇనుము తగలకూడదు. చేత్తో మెల్లగా మెలితిప్పి లాగాలి. పిందెల్ని ముట్టుకోకూడదు. లాగిన చోట ఆకులు కప్పాలి. నడుమ ఉన్న పెద్దదాన్ని చూపించి, "ఇది ఇంటిపెద్ద. దీన్ని యాన్నాడూ కొయ్యం. నేల మీదనే ముసలిదై రాలిపోవాల," అంది.

మౌలాలి తలూపాడు. ఊపుతూ ఆ పెద్దదాని బరువెంతుంటుందో కంటితోనే అంచనా వేశాడు.

పదిరోజులకు ఉరుసు వచ్చింది. దూది తాతకు గురువైన పెద్దాయన కన్నుమూసిన రోజు అది. ఆ రోజు కొట్టం దగ్గర రెండు వందలమందికి భోజనం. ఎప్పుడూ అన్నం, పప్పు. ఈసారి వాళ్లకు బలం పెట్టాలని మౌలాలికి కోరిక పుట్టింది. ఆ కోరిక నిజమే. ఆ బలం పెట్టినవాడు మౌలాలి అని నలుగురూ చెప్పుకోవాలన్న కోరిక అంతకంటే కాస్త ఎక్కువ నిజం.

ముందురోజు సాయంత్రం బాగా ఉరిమింది. తెల్లవారగానే మౌలాలి రెండు పెద్ద గంపలు కావడికి కట్టుకుని పుట్ట దగ్గరికి పోయాడు. గడ్డపార కూడా భుజాన వేసుకున్నాడు.

గడ్డపార ఎందుకంటే, పదిరోజులుగా వాడి బుర్రలో ఆ వేరు తిరుగుతోంది. పైన ఉన్న గొడుగే ఇంత బలమైతే, అంత లోతు నుంచి వచ్చే వేరు అడుగున ఇంకెంత ఉండాలి? చదువుకున్నవాడు కదా, మొదలు చూడకుండా ఉండలేకపోయాడు.

విచ్చుకున్నవన్నీ లాగాడు. గంప నిండలేదు. పిందెలు లాగాడు. ఇంకా నిండలేదు. ఇంటిపెద్ద ముందు ఒక్క క్షణం ఆగాడు. రెండు వందల నోళ్లు గుర్తు తెచ్చుకున్నాడు. లాగేశాడు. తర్వాత గడ్డపార దించాడు.

మూరెడు తవ్వాడు, రెండు మూరలు తవ్వాడు. వేరుతోపాటు ఇంకా మొలవని గొడుగులు కొన్ని కూడా మట్టిలోంచి వచ్చాయి, అవీ గంపలో వేశాడు. చివరికి వేరు మొదలు కనిపించింది. తేనెపట్టులా గుల్లగా ఉన్న ముద్ద, దాని మీద ఆవగింజలంత తెల్లటి పూసలు, చుట్టూ చెదపురుగులు చెల్లాచెదురుగా పరుగులు. చేతిలోకి తీసుకుంటే పొడి పొడి అయిపోయింది. తినేది ఏమీ లేదు అందులో.

గొడుగులన్నీ మొలిచేది ఈ ముద్దలోంచేనని అప్పుడు తట్టింది. కానీ అప్పటికే పొద్దెక్కింది, పొయ్యి వెలిగించాలి. గుంత పూడ్చకుండానే కావడి ఎత్తుకున్నాడు.

కూర చాలదని అలసందలు కలిపి వండాడు. డేగిసా నిండింది. జనం బంతులు బంతులుగా కూర్చున్నారు. మొదటి బంతి నుంచే పొగడ్తలు. "మాంసం పెట్టినావా ఏంది మౌలాలీ?" "ఇట్లాంటి ఉరుసు చూళ్లేదప్పా!" మౌలాలి గరిటె తిప్పుతూ తన పాఠం చెబుతూనే ఉన్నాడు. ఇరవై గ్రాములు, బి విటమిన్లు, ఎముకలు. ఆ రోజు అందరూ విన్నారు కూడా.

ఆఖరి బంతిలో ఈదమ్మ కూర్చుని ఉంది. వానకు తడిసిన తల. పక్కన గంప, బోర్లించి ఉంది.

మౌలాలికి ఆ గంపే ముందు కనిపించింది. ఉరుసు పూట ఆమె తాతకేదో తేవాలని పొద్దున్నే పుట్ట దగ్గరికి పోయి ఉంటుంది. వెనక్కి పోదామా అనుకున్నాడు. వెనక జనం, చేతిలో గరిటె. వడ్డించాడు.

ఈదమ్మ విస్తరి వైపు చూసింది. కూరలోంచి బొటనవేలంత పిందెను రెండు వేళ్లతో పైకి తీసింది.

"పిందెలు గూడానా సామీ?"

మౌలాలి గరిటె వైపు చూపు దించుకున్నాడు.

వెనక నుంచి ఎవరో, "మౌలాలీ, ఇటు ఇంకో గరిటె!" అని కేకేశారు. ఈదమ్మ తల వంచుకుని తినడం మొదలుపెట్టింది. పిందె కూడా తింది. ఒక్క మెతుకు వదల్లేదు. విస్తరి మడిచి, గంప తల మీద బోర్లించుకుని, వానలో వెళ్లిపోయింది.

మౌలాలికి తల కొట్టేసినట్టయింది. పొగిడినవాళ్లందరి మాటలూ ఒక్కసారి వెనక్కి తిరిగి మొహాన తగిలాయి. ఆ తర్వాత వడ్డించిన వాళ్లకు ఏ పాఠమూ చెప్పలేదు. ఎవరైనా అడుగుతారేమోనని కూడా భయపడ్డాడు.

ఉరుసు రోజు అందరి తర్వాత తినేది తాత. మౌలాలి విస్తరి వేసి కూర తెచ్చేసరికి తాత గోడ వైపు చూస్తున్నాడు. గోడకు ఆనించిన గడ్డపార మీద చూరునీళ్లు పడుతున్నాయి. పుట్టమన్ను ఎర్రగా కరిగి కిందికి కారుతోంది.

"నాకొద్దురా. రేపు తింటా," అన్నాడు తాత.

తెల్లారింది. వాన తెరిపిచ్చింది. తాత కర్ర పట్టుకుని బయటికొచ్చాడు.

"పద మౌలాలీ. ఆకలైతాంది. ఈదమ్మ ఇంటికి పోదాం."

మౌలాలి పొయ్యి వైపు తిరిగాడు. "క్షణంలో సంగటి చేస్తా తాతా. ఇంత బురదలో ఎందుకు?"

"ఈదమ్మ చేతి కూర తినాలనుంది."

దారి పొడుగునా తాత ఒక్క మాట అడగలేదు. అడిగితే చెప్పేద్దామని మౌలాలి, అడిగేదాకా ఆగుదామని కూడా మౌలాలే. అట్లాగే గూడెం వచ్చేసింది.

తాత గుమ్మంలో కనిపించగానే ఈదమ్మ కంగారుపడింది. ఇన్నేళ్లలో ఆయన ఆమె గుడిసెకు రావడం అదే మొదలు. ఈతచాప పరిచింది. మూలన కుక్కి మంచం మీద అంకమ్మ, ఒడిలో బిడ్డ. బిడ్డ చనుమొన పట్టుకుంటుంది, రెండు గుక్కలకే వదిలేసి ఏడుస్తుంది, మళ్లీ పట్టుకుంటుంది.

"ఆకలితో వచ్చినా ఈదమ్మా," అన్నాడు తాత. "నిన్నంతా తినలేదు."

ఈదమ్మ వాసాల వైపు చూసింది. తర్వాత పొయ్యి మీదుగా చెయ్యి చాచి వాసానికి వేలాడుతున్న దారం అందుకుంది. దారానికి గుచ్చిన ఎండు పుట్టగొడుగులు. కిందటేటివి, పొగచూరి నల్లబడ్డాయి. అయిదే మిగిలాయి.

"అత్తా..." అంది అంకమ్మ.

"ఊరుకోయే. తాత వచ్చినాడు."

ఆ ఒక్క మాటతో మౌలాలికి అంతా తెలిసిపోయింది. అవి ఎవరి కోసం దాచారో, కొత్తవి దొరికేదాకా రోజుకెన్ని చొప్పున పెడుతున్నారో, 'రోజూ పెట్టు' అని గొప్పగా చెప్పిందెవరో.

ఈదమ్మ అయిదింటినీ వేడినీళ్లలో నానేసింది. నానిన వాటిని చీల్చి, ఆ నానిన నీళ్లతోనే ఉడకబెట్టింది. రొట్టె కాల్చింది. రెండు మోదుగాకు విస్తళ్లు వేసి ఉన్న కూరంతా ఇద్దరికీ సమంగా వడ్డించింది. కుండలో అడుగున ఒక్క గరిటె మిగిలింది.

మౌలాలి విస్తరి ముందుకు నెట్టాడు. "నాకొద్దవ్వా. అంకమ్మకు పెట్టు."

ఈదమ్మ మొహం చిన్నబోయింది. "మా ఇంట్లో తినవా సామీ?"

ఆ మాటకు వాడికి చచ్చినంత పనైంది. విస్తరి మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు. చెయ్యి మాత్రం కూరలోకి పోలేదు.

తాత రొట్టె తుంచి, కూర కొంచెం అద్దుకుని, ఒకే ఒక్క ముద్ద తిన్నాడు. కళ్లు మూసుకుని నమిలాడు. ఆ పైన విస్తరిని రెండు చేతులా ఎత్తి మంచం వైపు చాచాడు.

"బిడ్డా, తాత ఎంగిలి తింటావా?"

గుడిసె గుమ్మంలో గుమిగూడిన ఆడవాళ్లు అబ్బురంగా చూశారు. తాత విస్తట్లో మెతుకు దొరకాలని ఏళ్ల తరబడి కాచుకున్నవాళ్లు వాళ్లలో ఉన్నారు. అంకమ్మ లేవబోయి, లేవలేక, కొంగు పట్టి ఆ విస్తరి అందుకుంది. కళ్లకద్దుకుని తినసాగింది. ఈదమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మౌలాలి విస్తరి మాత్రం వాడి ముందు అట్లాగే ఉంది. వాడి ఎంగిలి ఎవరిక్కావాలి?

"మౌలాలీ," అన్నాడు తాత. "ఆ కూరలో బలమెంతుందో బిడ్డకు చెప్పు. నువ్వు చదువుకున్నోడివి."

మౌలాలి నోరు తెరిచాడు. వంద గ్రాములకు ఇన్ని అని నోటికొచ్చిన లెక్కే, ఎన్నోసార్లు అప్పజెప్పిన లెక్కే. ఆ లెక్క వదిలేసి ఈదమ్మ వైపు తిరిగాడు.

"అవ్వా," అన్నాడు చివరికి. "పుట్ట తవ్వింది నేనే."

ఈదమ్మ కుండలో మిగిలిన గరిటెడు కూర ఊడ్చి తెచ్చి వాడి విస్తట్లో వేసింది.

"తెలుసు సామీ. ఆ చోటు నీకొక్కనికే చెప్పినా," అంది. "తిను. చల్లారితే బాగుండదు."

మౌలాలి తిన్నాడు. ప్రతి ముద్దనూ నీళ్లతో మింగాడు. కన్నీళ్లు విస్తట్లో పడుతున్నా తినడం ఆపలేదు. అంతా తిని, విస్తరి మడిచి, తనే తీసుకెళ్లి బయట పడేసి వచ్చాడు.

ఇద్దరూ తిరుగుదారి పట్టారు. కొంతదూరం వచ్చాక మౌలాలి అన్నాడు. "అవ్వ తిట్టుంటే బాగుండేది తాతా. నాలుగు తిట్టుంటే."

"బాగుండేది, నీకు," అన్నాడు తాత.

పుట్ట దగ్గరికి చీలిన దారి వచ్చింది. మౌలాలి అటు తిరిగాడు, తాత వెనకాలే వచ్చాడు. గుంతలో రాత్రి వాననీళ్లు నిలిచాయి. మౌలాలి మోకాళ్ల మీద కూర్చుని చేతులతో నీళ్లు తోడిపోశాడు. తను తవ్విపోసిన మన్నంతా మళ్లీ లోపలికి తోశాడు. పైన ఆకులు కప్పాడు. ఎంత సర్దినా మునుపటిలా రాలేదు. చేతులు మోచేతుల దాకా ఎర్రమన్నయ్యాయి.

"మళ్లీ మొలుస్తాయా తాతా?"

"నేను దూది ఏకినోణ్ణి. నాకెట్ల తెలుస్తాది?" అన్నాడు తాత. "ఈదమ్మనడుగు."

మౌలాలి తలెత్తి గూడెం వైపు చూశాడు. చెట్ల మీదుగా ఆ గుడిసె పొగ కనిపిస్తోంది. తర్వాత లేచి, మట్టిచేతులతోనే, వచ్చిన దారిన మళ్లీ గూడెం వైపు నడిచాడు.